పుట్టినింటి పేరు - మైథిలి

కొన్నాళ్ళ క్రిందట మేమొక బంధువుల యింట బారసాలకు వెళ్ళితిమి. పళ్ళెములో బియ్యము పోసి, తండ్రి బంగారు ఉంగరముతో ఆ బియ్యముమీద పాప పేరు వ్రాసెను: మైథిలి. ముత్తైదువలందరును పేరు బాగున్నదనిరి. అంతలో మూలను పీటపై కూర్చుండియున్న తాతమ్మ మనుమని దగ్గరకు పిలిచి, "ఏమిరా అబ్బాయీ, ఆ మిథిల ఎక్కడరా? ఆ ఊళ్ళో మనకు చుట్టాలెవరున్నారు?" అని యడిగెను. అందరును నవ్విరి. "సీతమ్మవారి పుట్టిల్లు, మామ్మా" అని మనుమడు చెప్పెను. "అది నాకు తెలియదుటరా? మనకేమి చుట్టరికమని అడుగుతున్నాను" అని ఆమె మరల అడిగెను. దానికి అతడు బదులు చెప్పలేకపోయెను. మేమును నాడు నవ్వినవారమే. కాని యింటికి తిరిగి వచ్చిన పిదపకూడ ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఎన్నడును చూడని ఊరి పేరు బిడ్డకు పెట్టుకొనునపుడు, ఆ ఊరితో మనకేదో చుట్టరికముండవలెను గదా!

ఊరి పేరును మనిషికి పెట్టుట మనకు క్రొత్త గాదు. విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములలో సింహాచలమను పేరు స్త్రీలకును పురుషులకును కూడ కలదు. అన్నవరము, తిరుపతమ్మ మొదలైనవియు వినుచునే యున్నాము. ఇవి చాలవరకు మ్రొక్కుబడి పేర్లు. క్షేత్రమును తలచినను, మనస్సులోనున్నది ఆ క్షేత్రమున వెలసిన దైవమే. గోదావరి, కృష్ణవేణి, కావేరి యనునవి నదుల పేర్లు. వానిలో నీటిని, పంటను, పుణ్యస్నానమును తలచుకొందుము. మైథిలి యీ రెండు కోవలలోను చేరదు. అది మిథిలలో వెలసిన దేవత పేరు కాదు. మిథిలలో పెరిగి, పెండ్లియై, మిథిలను విడిచిపోయిన ఒక ఆడుబిడ్డ పేరు.

ఆ బిడ్డకు మన యిండ్లలో నాలుగు పేర్లు వాడుకలో నున్నవి: సీత, జానకి, వైదేహి, మైథిలి. ఒక్కొక్క పేరు ఒక్కొక్క పుట్టుకను చెప్పును. సీత యనగా నాగటిచాలు. అది నేలను చెప్పును. జానకి యనునది తండ్రిని చెప్పును. వైదేహి దేశమును చెప్పును; విదేహదేశపు పడుచు అని యర్థము. మైథిలి పట్టణమును చెప్పును. నేల, తండ్రి, దేశము, ఊరు అను నాలుగును ఆమె పుట్టినింటివే. ఆమెను కోసలదేశపు పేరుతోగాని అయోధ్య పేరుతోగాని పిలిచెడి పేరు మన వాడుకలో లేదు. మహారాజునకు కోడలై, మహారాజునకు ఇల్లాలైన స్త్రీకి అత్తవారి ఊరు పేరు నీయలేకపోయినది. ఈ సంగతి మేము చిన్ననాటినుండి వినుచున్నదే యైనను, దీనిని గూర్చి ఆలోచించినది ఆ బారసాల తరువాతనే.

మిథిలకు ఆ పేరు వచ్చిన తెఱగు పురాణములు చెప్పుచున్నవి. ఇక్ష్వాకుని కుమారుడైన నిమి యజ్ఞము తలపెట్టి వసిష్ఠుని పిలిచెను. వసిష్ఠుడు అప్పటికే యింద్రుని యజ్ఞమునకు మాట యిచ్చియుండెను. ఆయన తిరిగి వచ్చువరకు నిమి ఆగలేదు. వేరు ఋత్విజులతో యజ్ఞమారంభించెను. కోపించి వసిష్ఠుడు శపించెను. నిమియు ఎదురు శపించెను. నిమి దేహమును కోల్పోయి విదేహుడయ్యెను. వంశము నిలువవలెనని ఋషులు ఆ శరీరమును మథింపగా ఒక బాలుడు పుట్టెను. మథనమువలన పుట్టినవాడు గనుక మిథి. విదేహునకు పుట్టినవాడు గనుక వైదేహుడు. తనంత తాను జనించినవాడు గనుక జనకుడు. ఆతని పట్టణము మిథిల. నిమి మాత్రము మరల శరీరము కోరక, ప్రాణుల కనురెప్పలలో నివాసము కోరుకొనెనట. మనము రెప్ప వేసినప్పుడెల్ల నిమేషమని ఆతని పేరునే చెప్పుకొనుచున్నాము.

ఇది పురాణము. ఇంతకంటె ప్రాచీనమైన కథ శతపథ బ్రాహ్మణమున కలదు. విదేఘ మాథవుడను రాజు అగ్నిని నోటిలో నుంచుకొని సరస్వతీ తీరమున నుండెను. పురోహితుడైన గోతమ రాహూగణుడు మంత్రము చదువుచు నేతి పేరెత్తగానే అగ్ని వెలికుఱికి, నేలనంటి, తూర్పుగా కాల్చుకొనుచు పోయెను. రాజును పురోహితుడును వెంట నడచిరి. సదానీర యను నది వద్ద అగ్ని ఆగెను. ఆ నదికి తూర్పున నీవు నివసింపుమని రాజుతో చెప్పెను. అంతకుముందు ఆ నేల బురదనేల, సాగులేని నేల యనియు, తరువాత సాగునకు వచ్చినదనియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. సదానీరయే నేటి గండకి యని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. అడవులను కాల్చి, పొలములు చేసికొనుచు జనులు తూర్పునకు సాగిన కాలపు జ్ఞాపకమే యీ కథ యని వారు చెప్పుదురు. కోసల విదేహములకు నడుమ సరిహద్దు ఆ నదియే.

నిప్పుతో తెరపబడి, నాగలితో లొంగదీయబడిన అట్టి నేలమీద, రాజు స్వయముగా నాగలి పట్టి దున్నుచుండగా చాలులో పసిబిడ్డ దొరకినదనుట ఎంత సహజముగ నున్నది! ఋగ్వేదమునందే సీతను, అనగా నాగటిచాలును, పంటనిమ్మని వేడుకొన్న సూక్తము కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో వ్యవసాయమును చూచు అధికారికి సీతాధ్యక్షుడని పేరు. సేద్యపు మాట ఒకటి స్త్రీ పేరైనది. ఆ సేద్యము జరిగిన సీమ ఆమెకే మరియొక పేరైనది. మైథిలి, సీత యను రెండు పేర్లు వేరువేరుగ కనబడినను, రెండింటి వేరు ఒక్క మన్నులోనే యున్నది.

ఆ మిథిల కేవలము పంటనేల గాదు. బృహదారణ్యకోపనిషత్తులో జనకుని సభ యీ విదేహముననే కూడినది. వేయి గోవులను నిలిపి, కొమ్ములకు బంగారము కట్టించి, బ్రహ్మవేత్తలలో ఎక్కుడైనవాడు తోలుకొనిపోవచ్చునని జనకుడు చెప్పెను. యాజ్ఞవల్క్యుడు శిష్యునితో ఆవులను తోలింపగా, పండితులు లేచి ప్రశ్నించిరి. వారిలో గార్గి యను స్త్రీ యుండెను. ఆమె ఆ సభలో రెండుమారులు లేచి ప్రశ్నించినది. స్త్రీ నిలిచి వాదించిన సభ గల దేశము పేరును ఆడుబిడ్డకు పెట్టుకొనుట మేలే గదా!

ఇక దేశము పేరుతో స్త్రీని పిలుచు ఆచారమును చూతము. ఇది సీతతో మొదలైనది గాదు, సీతతో ముగిసినదియు గాదు. కోసలమునుండి కౌసల్య, కేకయమునుండి కైకేయి, గాంధారమునుండి గాంధారి, మద్రమునుండి మాద్రి, పాంచాలమునుండి పాంచాలి. దేశము పేరునుండి ఆ దేశపు క్షత్రియులకు పేరు కలుగు విధమును పాణిని సూత్రములలోనే విధించియున్నాడు. అనగా ఇది కవుల సొగసు గాదు, లోకములోనున్న వాడుక. పాళీ గ్రంథములు మగధరాజైన అజాతశత్రువును వేదేహిపుత్రుడని పిలుచుచున్నవి. తల్లి పుట్టిన దేశము కొడుకు బిరుదులోనికి వచ్చి నిలిచినది.

మన తెలుగునేలమీదను దీనికి సాక్ష్యము కలదు. క్రీస్తు తరువాత మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు కృష్ణాతీరమున విజయపురినుండి పరిపాలించిరి. ఆ స్థలమునే మనము నాగార్జునకొండ యనుచున్నాము. అచ్చటి మహాచైత్యమునకు స్తంభమిచ్చిన వారిలో రుద్రధరభట్టారిక యను మహాదేవి యొకతె. శాసనము ఆమెను ఉజ్జయినీ మహారాజు కుమార్తె యని చెప్పుచున్నది. కృష్ణ యొడ్డున కోడలై వచ్చిన స్త్రీ, తాను దానము చేసిన రాతిమీద ఎక్కడనో మాళవమందలి పుట్టినూరిని చెక్కించుకొనినది. నాగార్జునసాగరపు నీటిలో ఆ లోయ మునిగిపోయినది. ఆ ఊరి పేరు మాత్రము ఆమె పేరు ప్రక్కన నిలిచియేయున్నది.

ఈ పేర్లన్నిటిలో ఒక ధర్మము కనబడుచున్నది. ఊరి పేరు ఆ ఊరిలో ఎవరికిని గుర్తు కానేరదు. మిథిలలో ఏ యింటి పిల్లయైనను మైథిలియే. అచ్చట ఆ పేరుతో పిలిచిన పదిమంది పలుకుదురు. అయోధ్యలో అడుగిడిన తరువాతనే అది ఒక్కతెకు చెల్లిన పేరైనది. కాబట్టి ఊరి పేరు ఊరు విడిచినవారికి పెట్టు పేరు. అత్తవారింట నిలిచియున్న కోడలిని చూచి, "ఈమె అచ్చటి పిల్ల" యని నలుగురును చెప్పుకొన్న మాటయే క్రమముగ పేరైనది.

అందులో గౌరవమెంత గలదో వెలితియు అంత కలదు. గాంధారికి తల్లిదండ్రులు పెట్టిన పేరేమి? మాద్రిని చిన్నతనమున ఏమని పిలిచిరి? కైకేయి స్వంత పేరేది? కథ చెప్పలేదు. రాజ్యములకు రాజ్యములకు నడుమ జరిగిన పొత్తులలో వీరు దేశమునకు గుర్తులై వచ్చిరి. గుర్తు మిగిలినది, మనిషి పేరు పోయినది. పాంచాలికి కృష్ణ యను పేరున్నది. మైథిలికి సీత యను పేరున్నది. ఆమె పేరు ఎన్నడును ఊరి పేరు చాటున మరుగుపడలేదు. బహుశః అందుచేతనే మైథిలి యను పేరు వినినపుడు దేశముగాక మనిషియే మనకు కనబడును.

వాల్మీకి ఈ పేరును వాడిన తీరు గమనింపదగినది. చిత్రకూటము విడిచిన పిమ్మట అత్రి యాశ్రమమున వృద్ధురాలైన అనసూయ అడుగగా, సీత తన కథను తానే చెప్పును: నాగటిచాలులో దొరకుట, జనకుడు ఎత్తుకొని పెంచుట, వింటి పరీక్ష, పెండ్లి. అడవిలో పరాయి ముదుసలి యెదుట కూర్చుండి పుట్టినింటి కబుర్లు చెప్పుకొనిన ఘట్టమది. లంకలో హనుమంతుడు నీవెవరవమ్మా యని యడిగినపుడు దశరథుని కోడలననియు, విదేహరాజైన జనకుని కూతురననియు, సీత యను పేరుగలదాననియు, రాముని భార్యననియు వరుసగా చెప్పుకొనును. కష్టములోనున్నను పుట్టినింటిని మరువలేదు. ఆమెను చెరబట్టిన రావణుడుకూడ ఆమెను మైథిలీ యని పిలుచుట కలదు. పేరు అంత దూరము వెంట వెళ్ళినది.

కాని పేరు వెళ్ళినంత దూరము పుట్టిల్లు వెళ్ళలేదు. పెండ్లియై అయోధ్యకు వచ్చిన తరువాత సీత మరల మిథిలకు వెళ్ళినట్లు వాల్మీకి కథలో కానరాదు. అడవికి వెళ్ళవలసి వచ్చినపుడు పుట్టినింటికి పోలేదు. ఉత్తరకాండలో గర్భవతియై విడువబడినపుడు లక్ష్మణుడు ఆమెను దింపినది గంగ యొడ్డున. ఆదుకొన్నది వాల్మీకి యాశ్రమము. భవభూతి తన ఉత్తరరామచరితములో జనకుని ఆ యాశ్రమమునకు రప్పించి, కూతురికై దుఃఖింపజేసెను. కవికి ఆ తండ్రి మౌనము సహింపరానిదైనది కాబోలు. తుదకు సీత చేరిన పుట్టిల్లు భూమియే. మిథిల పేరు జీవితమంతయు మోసిన ఆడుబిడ్డకు మిథిల తలుపు తీసిన ఘట్టము మాత్రము ఆ కథలో లేదు.

ఈ వెలితిని మన తెలుగు స్త్రీలు గుర్తించిరనుటకు వారి పాటలే నిదర్శనము. రంగనాథ రామాయణము, భాస్కర రామాయణము, మొల్ల రామాయణము పండితుల చేతిలో నుండగా, వంటయింటిలోను, ఊయెల దగ్గరను స్త్రీలు వేరొక రామాయణమును పాడుకొనిరి. అందులో యుద్ధములు తక్కువ. సీత పెండ్లి, సీత అప్పగింతలు, సీత అత్తవారింటికి పయనము, సీత సమర్త, సీత వామనగుంటలు, ఊర్మిళాదేవి నిద్ర - ఇవి ఎక్కువ. మిథిలారాజపుత్రిక మన పిల్లలవలె చింతపిక్కలతో వామనగుంటలాడినది. మన యాడపిల్లలవలెనే అప్పగింతలలో కన్నీరు పెట్టినది. తాతమ్మ యడిగిన చుట్టరికము ఇక్కడనే దొరకుచున్నదని మా కనిపించినది. మిథిలను మనవారు చూడలేదు. కాని మిథిలనుండి కదలిన పల్లకీ వెంట ఇంటింటి స్త్రీలును కొంత దూరము నడచిరి. భద్రాచలమున ఏటేట సీతారాముల కల్యాణము జరుగునపుడు పెండ్లికొడుకు వారెంతమందియో పెండ్లికూతురు వారును అంతమందియే మనలో నుందురు. రామదాసు తన మొరను రామునికి వినిపింపుమని సీతమ్మనే వేడుకొనెను. తల్లి చెప్పిన మాట తండ్రి వినునను మన యింటి నమ్మకమే అది.

పేరు నిలుచుటకు ఊరి గొప్పకంటె మనిషి నడవడి ముఖ్యమని చెప్పుటకు వేరు ఉదాహరణ అక్కరలేదు. కౌసల్య యని పెట్టుకొనిన యిండ్లు కలవు. కైకేయి, గాంధారి యని పెట్టుకొనినవారిని మేమెరుగము. కేకయము మిథిలకంటె తక్కువ రాజ్యము గాదు. గాంధారము శిల్పమునకు, తక్షశిల విద్యకు పేరొందిన దేశము. అయినను ఆ పేర్లను తల్లులు ముట్టలేదు. ఊరు పేరు నిచ్చును; ఆ పేరును మోసిన స్త్రీ దానికి మంచి చెడ్డల నిచ్చును.

మిథిల నేడును కలదు. కొంత బీహారు ఉత్తరభాగమునను, కొంత నేపాళపు తెరాయిలోను ఉన్నది. బీహారులో సీతామఢీ దగ్గర సీత దొరకిన చోటని చూపుదురు. నేపాళములో జనకపురమును జనకుని రాజధాని యందురు. జనకపురమునందలి జానకీ మందిరము 1911 నాటికి పూర్తియైనది. బుందేల్‌ఖండమందలి టికంగఢ్ రాణి వృషభాను దానిని కట్టించెను. తొమ్మిది లక్షలతో కట్టినదని జనులు దానిని నౌలఖా మందిరమనుచున్నారు. మార్గశిర శుద్ధ పంచమినాడు అచ్చట వివాహపంచమి ఉత్సవము జరుగును. ఇందులో ఒక వింత కలదు. అంతటి పండుగ చేసికొను ఆ సీమలోనే ఆ తిథినాడు తమ కుమార్తెలకు పెండ్లి చేయనివారు అనేకులు కలరు. ఆ ముహూర్తమున పెండ్లియైన తమ యింటి పిల్ల సుఖపడలేదని వారి బాధ. ఎన్ని తరములు గడచినను అది దేవుని కథగా మారిపోక, కూతురి కథగానే మిగిలినది.

మైథిలి యనునది అచ్చటి భాష పేరుకూడ. విద్యాపతి కవి పదములు పాడిన భాష అది. సాహిత్య అకాడమీ 1965లో దానిని గుర్తించినది; 2003లో జరిగిన రాజ్యాంగ సవరణతో ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. మన యింటి పాప పేరు, ఒక జాతి మాటలాడు భాష పేరు ఒక్కటియగుట ఆమె పెద్దదైన తరువాత తెలిసికొని సంతోషింపదగిన విషయము. ఒక్క మనవి: ఈ పేరులో ఉన్నది థకారము. మిథిలలోని థ యే మైథిలిలోనిది. పలువురు దానిని ధకారముగా వ్రాయుచున్నారు. ఒక చుక్క తేడాతో పాప తన ఊరిని పోగొట్టుకొనును.

మన తెలుగువారి యింటిపేర్లలో అనేకము ఊళ్ళ పేర్లే: కందుకూరి, వేమూరి, నిడదవోలు. తాతముత్తాతలు విడిచివచ్చిన ఊరును మగవారు తరతరములు మోయుచున్నారు. ఆడుపిల్లకు పెండ్లితో ఆ ఊరు మారిపోవుట చిరకాలముగా వాడుక. తరువాత మనము ఆమెను కాపురమున్న ఊరితో ఏలూరు పిన్ని యనియు, కాకినాడ అత్తయ్య యనియు పిలుతుము. ఇతిహాసములు మాత్రము కోడలిని పుట్టిన ఊరితో పిలిచినవి. ఆ మర్యాద మనకు మైథిలి, వైదేహి వంటి పేర్లలో చిక్కియున్నది.

పేరులోనున్న మర్యాద ఆస్తిలోనికి వచ్చుటకు చాలకాలము పట్టినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగ హక్కునిచ్చు చట్టమును ఆంధ్రప్రదేశము 1986లో చేసి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తింపజేసెను. అప్పటికే పెండ్లియైన కుమార్తెలకు అది వర్తింపలేదు. 2005లో వచ్చిన కేంద్రచట్టము ఆ భేదమును తొలగించి, పెండ్లియైన కుమార్తెకును ఆ హక్కునిచ్చెను. పెండ్లి యైనంతమాత్రమున పుట్టిల్లు పరాయిదైపోదని చట్టము ఒప్పుకొనుటకు అంత ఆలస్యమైనది.

మొన్న మేము మరల ఆ యింటికి వెళ్ళితిమి. పాప ఊయెలలో నిద్రించుచుండెను. తాతమ్మకు మాకు తోచినంత చెప్పితిమి. ఆమె అంతయు విని, "సరే నాయనా, పేరు మంచిదే. రేపు దీనికి పెళ్ళయ్యాక ఏ కష్టమొచ్చినా ఈ గుమ్మం మూసి ఉండకూడదని వాడికి చెప్పు" అనెను. పాప తండ్రి అచ్చటనే యుండెను, ఈసారి నవ్వలేదు. మైథిలి యని బియ్యములో వ్రాసిన ప్రతి తండ్రియు వినదగిన మాట యది యని మా యభిప్రాయము.